114 సీజన్లు, ఆరుగురు కోచ్‌లు: టెక్సాస్ కళాశాల బేస్‌బాల్‌లో వారసత్వం ఎలా నడిచింది, ఎక్కడ తెగింది

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం బేస్‌బాల్ జట్టుకు 1911 నుంచి 2024 వరకు, అంటే 114 సీజన్లలో, ప్రధాన కోచ్‌లుగా పనిచేసినవారు ఆరుగురే. వారిలో ఒకరు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మూడేళ్లు మాత్రమే జట్టును చూసుకున్నారు కాబట్టి, ఆయనను పక్కన పెడితే మిగిలేవి ఐదు పేర్లు. అమెరికాలో కళాశాల కోచ్ పదవి ఎంత నిలకడ లేనిదో తెలిసినవారికి ఈ లెక్క ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఇదే విశ్వవిద్యాలయంలో, ఇదే కాలంలో, ఫుట్‌బాల్ జట్టుకు 18 మంది ప్రధాన కోచ్‌లు వచ్చారు.

ఆస్టిన్, రౌండ్ రాక్, సీడర్ పార్క్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లాంగ్‌హార్న్స్ అని పిలిచే ఈ విశ్వవిద్యాలయ జట్ల ముదురు నారింజ రంగు కొత్త కాదు. శనివారం ఫుట్‌బాల్ ఆట ఉంటే ఊరి రోడ్లన్నీ ఎలా నిండిపోతాయో వారికి తెలుసు. బేస్‌బాల్ మైదానానికి వెళ్లినవారు అంతకంటే తక్కువగానే ఉంటారు. కళాశాల బేస్‌బాల్ చరిత్రలో అతి గట్టి పరంపర ఒకటి ఆ మైదానంలోనే నడిచింది. అది ఎలా నడిచిందో, ఎందుకు తెగిపోయిందో విడమరిచి చెప్పుకోవలసిన విషయం. మామూలుగా వినిపించే వివరణ మాత్రం ఒక్కటే: గొప్ప కోచ్‌లు దొరికారు, విశ్వవిద్యాలయం ఓపిక పట్టింది. ఈ వివరణలో సగం నిజమే ఉందని నా అభిప్రాయం. మిగతా సగం ఆ కోచ్‌ల ప్రతిభలో కాక, వారు పనిచేసిన పరిస్థితుల్లో ఉంది.

ముందుగా కోచ్ అనే మాట గురించి కొంత చెప్పాలి. క్రికెట్‌లో బౌలర్‌ను మార్చేది, ఫీల్డర్లను జరిపేది కెప్టెన్. బేస్‌బాల్‌లో ఆ అధికారమంతా కోచ్‌ది. ఆయన కూడా ఆటగాళ్లలాగే జట్టు యూనిఫామ్ వేసుకుని డగౌట్‌లో నిలబడతాడు. పిచ్చర్‌ను, అంటే బంతి విసిరేవాణ్ణి, మార్చదలిస్తే తానే మైదానం మధ్యనున్న మట్టిదిబ్బ దాకా నడిచి వెళ్లి, అలసిన కుర్రాడి చేతిలోంచి బంతి తీసుకుని, కొత్తవాడి చేతిలో పెడతాడు. బ్యాటర్ గట్టిగా కొట్టాలా, బంతిని మెల్లగా నేలకు తాకించి పరుగెత్తాలా, బేస్ (పరుగు దారిలో ఆగే మెట్టు) మీద ఉన్నవాడు తదుపరి బేస్‌ను దొంగిలించాలా అనేవన్నీ చేతి సైగలతో ఆయనే చెబుతాడు. కళాశాల స్థాయిలో దీనికి ఇంకో పెద్ద పని తోడవుతుంది: ఆటగాళ్లను హైస్కూలు దశలోనే గుర్తించి, వారి తల్లిదండ్రులను ఒప్పించి తెచ్చుకోవడం. ఎంపిక, శిక్షణ, ఆట నడిపే తీరు అన్నీ ఒకరి చేతిలోనే ఉంటాయి కాబట్టి కోచ్ మారితే జట్టు స్వభావమే మారుతుంది.

మామయ్య బిల్లీ, ఆయన శిష్యుడు

టెక్సాస్‌లో 1911కు ముందు కోచ్‌లు తరచుగా మారేవారు. అప్పట్లో అది పూర్తికాలపు ఉద్యోగం కాదు. ఆ ఏడాది బిల్లీ డిష్ వచ్చారు. అంతకుముందు ఆయన అదే ఊళ్లోని సెయింట్ ఎడ్వర్డ్స్ కళాశాలలో కోచ్‌గా ఉండేవారు. 1911 నుంచి 1939 వరకు 29 సీజన్లు టెక్సాస్‌ను నడిపి, ఆరోగ్యం దెబ్బతిన్న తరువాతే తప్పుకున్నారు. ఆటగాళ్లు, ఊరివారు ఆయనను అంకుల్ బిల్లీ అనేవారు. మన వాడుకలో చెప్పాలంటే బిల్లీ మామయ్య. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అనే ప్రాంతీయ సమాఖ్య 1914లో ఏర్పడిన తరువాత ఆయన జట్టు ఆడిన పాతిక సీజన్లలో సుమారు ఇరవై టైటిళ్లు టెక్సాస్‌కే దక్కాయి.

అంత ఆధిపత్యం చూపిన డిష్ పేరు పక్కన జాతీయ టైటిల్ ఒక్కటీ లేదు. కారణం చాలా సాదా. కాలేజ్ వరల్డ్ సిరీస్ అనే జాతీయ పోటీ మొదలైందే 1947లో. ఆయన తప్పుకున్న ఎనిమిదేళ్ల తరువాత పుట్టిన పోటీలో ఆయన ఎన్ని గెలిచారని అడగడంలో అర్థం లేదు. అయినా కోచ్‌లను వరుసగా నిలబెట్టి టైటిళ్లు లెక్కపెట్టే పట్టికల్లో డిష్ ఎదుట సున్నా కనిపిస్తుంది. ఒక కోచ్ అంకెలను ఇంకొకరి అంకెల పక్కన పెట్టి చూసేవారు మొదట తడబడేది ఇక్కడే.

డిష్ శిష్యుల్లో బిబ్ ఫాల్క్ ఒకరు. ఆస్టిన్‌లోనే 1899లో పుట్టారు. టెక్సాస్ తరఫున ఫుట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఆడి, 1920లో నేరుగా షికాగో వైట్ సాక్స్ జట్టులో చేరారు. ఆయన చేరిన సమయం అమెరికా బేస్‌బాల్‌లో అతి చీకటి ఘట్టం. వృత్తి బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌ను 1919లో డబ్బు కోసం ఓడిపోయారన్న ఆరోపణపై వైట్ సాక్స్ ఆటగాళ్లు 1920 సెప్టెంబరులో సస్పెండ్ అయ్యారు. వారిలో అత్యంత ప్రతిభావంతుడైన జో జాక్సన్ ఖాళీ చేసిన లెఫ్ట్ ఫీల్డ్ స్థానంలో నిలబడవలసి వచ్చింది ఫాల్క్‌కే. ఆ భారాన్ని మోస్తూ షికాగోలో, ఆపైన క్లీవ్‌లాండ్‌లో మొత్తం 12 సీజన్లు ఆడి 0.314 సగటు సాధించారు. అంటే వెయ్యి అవకాశాలకు 314 హిట్లు. బేస్‌బాల్‌లో 300 దాటినవారిని మంచి బ్యాటర్లుగా లెక్కిస్తారు.

అటువంటి మనిషి 1940లో సొంత ఊరికి, సొంత గురువు కుర్చీలోకి వచ్చారు. మూడు సీజన్ల తరువాత యుద్ధసేవకు వెళ్లడంతో 1943 నుంచి 1945 వరకు ఫుట్‌బాల్ సహాయ కోచ్ బ్లెయిర్ చెర్రీ బేస్‌బాల్ జట్టును చూసుకున్నారు. 1946లో ఫాల్క్ తిరిగి వచ్చి 1967 వరకు కొనసాగారు. 1949లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో వేక్ ఫారెస్ట్‌ను 10–3తో ఓడించి తొలి జాతీయ టైటిల్ తెచ్చారు. మరుసటి ఏడాది పోటీ నెబ్రాస్కాలోని ఒమాహాకు మారింది. అక్కడ టఫ్ట్స్ జట్టుపై జిమ్ ఎర్లర్ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు, ఫైనల్లో వాషింగ్టన్ స్టేట్‌పై 3–0తో గెలిచి టెక్సాస్ వరుసగా రెండో టైటిల్ సాధించింది. అంతవరకు ఏ జట్టూ వరుసగా రెండుసార్లు గెలవలేదు.

ఆ రోజుల్లో జట్టు ఆడిన క్లార్క్ ఫీల్డ్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1928 నుంచి 1974 వరకు అదే వారి మైదానం. సెంటర్ ఫీల్డ్ వైపు నేల చదునుగా ఉండేది కాదు, ఒక్కసారిగా సున్నపురాతి గట్టు లేచేది. కొన్నిచోట్ల అది రెండు నిలువుల ఎత్తు. ఆ గట్టుకు అవతలి భాగం కూడా ఆటలో భాగమే. పైకెక్కడానికి మేకలు నడిచే బాటలాంటి సన్నని దారి ఒకటి ఉండేది, అందుకే దానికి బిల్లీ గోట్ హిల్ అని పేరు వచ్చింది. బంతి అటు వస్తే ఫీల్డర్ కింద నిలబడి రాతికి తగిలి వెనక్కి వచ్చేదాకా ఆగాలా, ఆ బాట పట్టి పైకి ఉరకాలా అనేది క్షణంలో తేల్చుకోవాలి. ఏళ్ల తరబడి అక్కడే సాధన చేసిన కుర్రాళ్లకు అడుగులు తెలుసు, బయటి జట్లవారికి తెలియవు. అదే గట్టు మీద ఆటగాడిగా పెరిగినవాడు తరువాత కోచ్‌గా వచ్చి ఇంకో తరానికి ఆ అడుగులు నేర్పాడు. వారసత్వం అనే మాటకు ఇక్కడ ఉపమానం వెతకనక్కరలేదు, అది అక్షరాలా కాలికింది నేల.

మూడో పేరు

ఫాల్క్ దగ్గర 1950ల మొదట్లో ఆడినవారిలో క్లిఫ్ గుస్టాఫ్‌సన్ ఒకరు. టెక్సాస్ రాష్ట్రంలోని కెనెడీ అనే చిన్న ఊళ్లో పుట్టి, చదువు ముగిశాక సౌత్ శాన్ ఆంటోనియో హైస్కూలులో కోచ్‌గా చేరి, ఆ బడిని అనేకసార్లు రాష్ట్ర విజేతగా నిలిపారు. 1968లో గురువు స్థానంలోకి వచ్చి 1996 వరకు, డిష్ లాగే సరిగ్గా 29 సీజన్లు ఉన్నారు. సంగీతంలో ఒక బాణీ గురువు నుంచి శిష్యుడికి, శిష్యుడి నుంచి అతని శిష్యుడికి దాటుతుందని మనం చెప్పుకుంటాం. డిష్ దగ్గర ఆడినవారు ఫాల్క్, ఫాల్క్ దగ్గర ఆడినవారు గుస్టాఫ్‌సన్. యుద్ధకాలపు మూడేళ్లు తీసేస్తే 1911 నుంచి 1996 వరకు 86 సీజన్ల చరిత్రలో 83 సీజన్లు ఈ ముగ్గురివే.

గుస్టాఫ్‌సన్ హైస్కూలు నుంచి వచ్చారన్న విషయానికి చాలామంది తగినంత విలువ ఇవ్వరు. టెక్సాస్ చాలా పెద్ద రాష్ట్రం. ఎండలు ఎక్కువ కాబట్టి ఏడాదిలో చాలాకాలం బేస్‌బాల్ ఆడవచ్చు, ప్రతి ఊళ్లో బడి జట్టు ఉంటుంది. ఆ బడుల కోచ్‌లందరికీ ఆయన నిన్నటిదాకా తమలో ఒకడు. ఏ ఊళ్లో ఏ పదహారేళ్ల కుర్రాడు గంటకు 90 మైళ్ల వేగంతో బంతి విసురుతున్నాడో ఆయనకు ముందుగా తెలిసేది. బర్ట్ హూటన్, కీత్ మోర్లాండ్, కాల్విన్ షిరాల్డి, రోజర్ క్లెమెన్స్, గ్రెగ్ స్విండెల్ వంటివారు ఆయన దగ్గర ఆడి మేజర్ లీగ్‌కు, అంటే వృత్తి బేస్‌బాల్ అత్యున్నత స్థాయికి, వెళ్లినవారిలో కొందరు.

1975లో జట్టు క్లార్క్ ఫీల్డ్ విడిచి కొత్త మైదానానికి మారింది. ఇద్దరు గురువుల పేర్లూ కలిపి దానికి డిష్–ఫాల్క్ ఫీల్డ్ అని పెట్టారు. కృత్రిమ పచ్చికతో, గట్లూ మిట్టలూ లేకుండా కట్టిన ఆ మైదానంలో మొదటి ఏడాదే జట్టు జాతీయ విజేత అయింది, ఫైనల్లో సౌత్ కరోలైనాను 5–1తో ఓడించింది. 1983లో అలబామాపై 4–3తో గెలిచి ఇంకో టైటిల్ తెచ్చుకుంది. ఆ ఫైనల్లో బంతి విసిరింది క్లెమెన్స్. 29 సీజన్లలో 17 సార్లు ఒమాహా, అంటే కాలేజ్ వరల్డ్ సిరీస్, చేరడం, 1,466 విజయాలకు 377 ఓటములే ఉండటం ఎవరికైనా కళ్లు చెదిరే లెక్క. 1994లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రాడ్ డెడో పేరిట ఉన్న 1,332 విజయాల రికార్డును ఆయన దాటారు.

ఇక్కడ కూడా అంకెను ఆగి చూడాలి. 1983లో టెక్సాస్ 66 ఆటలు గెలిచి 14 ఓడింది, అంటే ఒక్క సీజన్‌లో 80 ఆటలు ఆడింది. తరువాతి కాలంలో నియమాలు రెగ్యులర్ సీజన్‌ను 56 ఆటలకు కుదించాయి. డిష్ కాలంలో ఏడాదికి ఆడినవి వీటన్నిటికంటే చాలా తక్కువ. కాబట్టి మొత్తం విజయాల సంఖ్యతో ఎవరు గొప్ప అని తేల్చబోతే, గొప్పతనంతో పాటు ఆ కాలపు క్యాలెండర్‌ను కూడా కొలుస్తున్నట్టే. గెలుపు శాతం కొంత నయమైన కొలత. గుస్టాఫ్‌సన్‌ది 79 శాతం పైచిలుకు, అంటే ఆడిన ప్రతి ఐదు ఆటల్లో ఇంచుమించు నాలుగు గెలిచారు.

నీడలో పెరిగిన చెట్టు

ఈ ముగ్గురూ అంతకాలం ఎలా నిలిచారన్న ప్రశ్నకు జవాబు వెతికితే నా దృష్టి మళ్లీ మళ్లీ బ్లెయిర్ చెర్రీ మీదే ఆగుతుంది. యుద్ధకాలంలో మూడేళ్లు బేస్‌బాల్ జట్టును కాపాడిన ఆయనే 1947లో టెక్సాస్ ఫుట్‌బాల్ ప్రధాన కోచ్ అయ్యారు. నాలుగు సీజన్లలో 32 గెలిచి 10 మాత్రమే ఓడారు. 1950లో జట్టు 9 గెలిచి 2 ఓడింది. అయినా ఆ సీజన్‌తోనే ఆయన ఉద్యోగం వదిలేశారు. ఫుట్‌బాల్ కోచ్ మీద అభిమానుల, పత్రికల ఒత్తిడి ఆయన ఆరోగ్యాన్ని తినేసింది. అదే 1950లో, అదే ప్రాంగణంలో, ఫాల్క్ వరుసగా రెండో జాతీయ టైటిల్ గెలిచి ఇంకో పదిహేడేళ్లు ప్రశాంతంగా పనిచేశారు.

ఇద్దరికీ యజమాని ఒకటే విశ్వవిద్యాలయం, ఆ విశ్వవిద్యాలయానికి ఓపిక ఉంటే ఇద్దరిపట్లా ఉండాలి కదా. తేడా ఆటలో ఉంది. ఫుట్‌బాల్ వేలాది టికెట్లు అమ్మేది, దాతలను రప్పించేది, విశ్వవిద్యాలయ పరువును మోసేది. బేస్‌బాల్‌కు వచ్చే ఆదాయం తక్కువ, దానిపై పడే చూపులూ తక్కువ. ఫుట్‌బాల్ అనే పెద్ద చెట్టు నీడలో బేస్‌బాల్ కోచ్ తన పని తాను చేసుకోగలిగాడు. ఇది టెక్సాస్ ఒక్కదాని కథ కూడా కాదు. డెడో దక్షిణ కాలిఫోర్నియాలో 1942 నుంచి 1986 వరకు ఉండి 11 జాతీయ టైటిళ్లు గెలిచారు. మైక్ మార్టిన్ ఫ్లోరిడా స్టేట్‌లో 1980 నుంచి 2019 వరకు 40 సీజన్లు ఉండి 2,029 విజయాలు సాధించారు, 17 సార్లు ఒమాహా వెళ్లారు, ఒక్కసారి కూడా జాతీయ టైటిల్ గెలవలేదు. అంత పెద్ద ఫుట్‌బాల్ కార్యక్రమం ఉన్న విశ్వవిద్యాలయంలో, టైటిల్ లేకుండా ఫుట్‌బాల్ కోచ్‌ను నలభై ఏళ్లు ఉంచే అవకాశమే లేదు.

ఇంకో కారణం మేజర్ లీగ్ డ్రాఫ్ట్. హైస్కూలు, కళాశాల ఆటగాళ్లను వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకునే ఈ పద్ధతి 1965లోనే మొదలైంది. నాలుగేళ్ల కళాశాలలో చేరిన ఆటగాణ్ణి మూడో ఏడాది ముగిసేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా, వృత్తి జట్లు తీసుకోరాదన్న నియమం వల్ల కోచ్‌కు ఒక కుర్రాడిపై మూడేళ్ల భరోసా ఉండేది. మొదటి ఏడాది బెంచీ మీద కూర్చోబెట్టి, రెండో ఏడాది అప్పుడప్పుడూ ఆడించి, మూడో ఏడాదికి జట్టు భారం అప్పగించే తీరిక దానివల్లే సాధ్యమైంది. గుస్టాఫ్‌సన్ పద్ధతి పూర్తిగా ఈ తీరిక మీద నిలిచింది.

బయటి మనిషి

1996లో ఒకేసారి రెండు ముగిశాయి. గుస్టాఫ్‌సన్ తప్పుకున్నారు, ఎనభై ఏళ్లకు పైగా నడిచిన సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ రద్దయింది. ఆ సమాఖ్య టైటిళ్లను మూడు తరాల పాటు దాదాపు తన సొంత ఆస్తిలా చూసుకున్న టెక్సాస్, బిగ్ 12 అనే కొత్త సమాఖ్యలోకి కొత్త కోచ్‌తో అడుగుపెట్టింది. ఆ కొత్త కోచ్ ఆగీ గారీడో. టెక్సాస్‌లో ఆడినవాడు కాదు, టెక్సాస్ రాష్ట్రంవాడూ కాదు. కాలిఫోర్నియాలోని వల్లేహోలో పుట్టి, ఫ్రెస్నో స్టేట్‌లో ఆడి, కాల్ స్టేట్ ఫుల్లర్టన్ అనే చిన్న పేరున్న జట్టును 1979, 1984, 1995లలో జాతీయ విజేతగా నిలిపినవారు. 1984 ఫైనల్లో ఆయన జట్టు 3–1తో ఓడించింది గుస్టాఫ్‌సన్ నడిపిన టెక్సాస్‌నే. పరంపర ముగిసిన చోట, ఆ పరంపరను ఫైనల్లో ఓడించిన మనిషినే తెచ్చి కూర్చోబెట్టారు.

ఆయన ఆట తీరు కూడా టెక్సాస్‌కు కొత్త. కళాశాల బేస్‌బాల్ 1974 నుంచి అల్యూమినియం బ్యాట్లను అనుమతించింది. 1990ల చివరికి ఆ బ్యాట్లు ఎంత పదునెక్కాయంటే 1998 జాతీయ ఫైనల్ 21–14తో ముగిసింది. అందరూ హోమ్ రన్ల వెంట పడుతున్న ఆ రోజుల్లో గారీడో బంట్ చేయించేవారు. బ్యాటర్ తాను అవుటైనా సరే, బంతిని మెల్లగా ముందుకు తాకించి బేస్ మీదున్న సహచరుణ్ణి ఒక మెట్టు జరపాలి. ఒక్కో పరుగునూ అలా కూడబెట్టాలి, మంచి పిచింగ్‌తో దాన్ని కాపాడుకోవాలి. ఓటమి భయం ఆటగాడి మనసులో ఎలా పనిచేస్తుందన్న దాని గురించి ఆయన మాట్లాడినంతగా ఆ తరం కోచ్‌లు తక్కువమంది మాట్లాడారు.

మొదట్లో ఫలితాలు రాలేదు. 1998లో టెక్సాస్ గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువ. ఫుట్‌బాల్‌లో అయితే ఆ ఏడాదే పెట్టె సర్దుకోవలసి వచ్చేది. గారీడోకు సమయం దొరికింది, 2002లో సౌత్ కరోలైనాపై, 2005లో ఫ్లోరిడాపై గెలిచి రెండు టైటిళ్లు తెచ్చారు. మధ్యలో 2004 ఫైనల్లో ఆయన ఓడిపోయింది ఎవరి చేతిలోనో కాదు, తాను పెంచి పెద్దచేసిన ఫుల్లర్టన్ చేతిలోనే. 2003లో గుస్టాఫ్‌సన్‌ను దాటి కళాశాల క్రీడల్లో అత్యున్నత స్థాయి అయిన డివిజన్ 1లో అత్యధిక విజయాల కోచ్ అయ్యారు, 2016లో వైదొలిగేనాటికి ఆయన మొత్తం 1,975 విజయాలు సాధించారు. ఆ రికార్డును 2018లో మార్టిన్ దాటారు.

టెక్సాస్‌లో గారీడో లెక్క 824 గెలుపులు, 427 ఓటములు, రెండు డ్రాలు. శాతం 66కు కాస్త తక్కువ. గుస్టాఫ్‌సన్ 79తో పోలిస్తే ఇది పతనంలా కనిపిస్తుంది, కానీ కాదు. 1999లో జాతీయ పోటీ 48 జట్ల నుంచి 64 జట్లకు పెరిగింది, సూపర్ రీజినల్ అనే అదనపు దశ వచ్చింది. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు బేస్‌బాల్ మీద డబ్బు పెట్టడం మొదలుపెట్టాయి. గుస్టాఫ్‌సన్ కాలంలో టెక్సాస్ చేతిలో సులువుగా ఓడిన జట్లు గారీడో కాలానికి మంచి కోచ్‌లను, మంచి మైదానాలను సంపాదించుకున్నాయి. ఇద్దరి చేతా రెండేసి జాతీయ టైటిళ్లు వచ్చాయన్న సంగతిని ఈ నేపథ్యంలో చూస్తే, గారీడో సాధించింది తక్కువేమీ కాదని నా తీర్పు.

ఆయన పద్ధతిలోని బలం, కాఠిన్యం రెండూ ఒకే రాత్రి కనిపించాయి. 2009 మే 30న డిష్–ఫాల్క్ ఫీల్డ్‌లో బాస్టన్ కాలేజ్‌తో ఆట. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో ముగియాలి. 2–2 దగ్గర ఆగిపోయి, పన్నెండు, పదిహేను, ఇరవై ఇన్నింగ్స్ దాటింది. ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చిన ఆస్టిన్ వుడ్ అనే పిచ్చర్ వరుసగా 13 ఇన్నింగ్స్ విసిరాడు, అందులో పన్నెండుకు పైగా ఇన్నింగ్స్ ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. మొత్తం 169 బంతులు. అర్ధరాత్రి దాటాక, ఏడు గంటలకు పైగా సాగిన ఆటలో, 25వ ఇన్నింగ్స్‌లో టెక్సాస్ 3–2తో గెలిచింది. కళాశాల బేస్‌బాల్ చరిత్రలో అంత సుదీర్ఘమైన ఆట ఇంకొకటి లేదు. అంతకాలం ఒక విద్యార్థి భుజం మీద భారం వేయవచ్చా అని అప్పుడే విమర్శలు వచ్చాయి. ఆ కుర్రాడి సాహసాన్ని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది, కానీ విమర్శలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. మట్టిదిబ్బ దాకా నడిచి బంతి తీసుకునే అధికారం కోచ్‌కు ఇచ్చిందే అటువంటి రాత్రుల కోసం.

ఒకే శాతం, వేరు వేరు గతులు

2016లో టెక్సాస్ 25 గెలిచి 32 ఓడాక గారీడో తప్పుకున్నారు. రెండేళ్లకు, 2018 మార్చిలో, కన్నుమూశారు. ఆ తరువాత వచ్చిన డేవిడ్ పియర్స్ 2017 నుంచి 2024 వరకు ఎనిమిది సీజన్లు ఉన్నారు. 2018, 2021, 2022లలో జట్టును ఒమాహా తీసుకెళ్లారు. ఆయన లెక్క 297 గెలుపులు, 162 ఓటములు, అంటే దాదాపు 65 శాతం. గారీడో శాతానికీ ఆయన శాతానికీ తేడా దాదాపు ఒక్క శాతమే. ఒకరు ఇరవై ఏళ్లు ఉన్నారు, ఇంకొకరు ఎనిమిదేళ్లలో వెళ్లిపోయారు. పియర్స్‌కు జాతీయ టైటిల్ లేదన్నది నిజమే, గారీడోకు రెండు ఉన్నాయి. అయితే తేడా అంతా అందులోనే లేదు.

2021 నుంచి కళాశాల క్రీడల నేలే మారిపోయింది. ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు ప్రకటనదారుల నుంచి డబ్బు తీసుకోవచ్చు. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకొకదానికి మారదలిస్తే ఏడాది ఖాళీగా కూర్చోనక్కరలేదు, ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు నమోదు చేస్తే చాలు. డ్రాఫ్ట్ 40 రౌండ్ల నుంచి 20కి కుదించుకుపోయింది కాబట్టి వృత్తి జట్లలోకి వెళ్లలేని పెద్ద వయసు ఆటగాళ్లు కళాశాలల్లోనే ఎక్కువగా మిగిలారు, వారిని పోర్టల్ నుంచి ఏరుకునే కోచ్ ఒక్క వేసవిలో జట్టును తిరగరాయగలడు. మూడేళ్ల తీరిక పోయింది. ఒక్క వేసవిలో జట్టును బాగుచేయడం సాధ్యమైనప్పుడు, ఒక్క వేసవిలో ఎందుకు బాగుచేయలేదన్న ప్రశ్న కూడా వస్తుంది.

దీనికి తోడు టెక్సాస్ 2024 జులైలో ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) సమాఖ్యలో చేరింది. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్), టెనెసీ, ఆర్కాన్సా, వాండర్‌బిల్ట్ వంటి జట్లున్న ఆ సమాఖ్యలో బేస్‌బాల్ ఫుట్‌బాల్ నీడలో ఉండే ఆట కాదు. ప్రేక్షకులతో కిటకిటలాడే మైదానాలు, భారీ జీతాల కోచ్‌లు, టెలివిజన్ ప్రసారాలు అక్కడ మామూలే. డిష్, ఫాల్క్, గుస్టాఫ్‌సన్‌లను కాపాడిన నీడ అక్కడ లేదు.

2024 జూన్‌లో జరిగింది దీనికి అద్దం పట్టింది. ఆ ఏడాది టెక్సాస్ తన బద్ధశత్రువు టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం ఊళ్లో జరిగిన రీజినల్‌లో, అంటే జాతీయ పోటీ తొలి దశలో, ఆడి, ఎ అండ్ ఎం చేతిలో ఒక ఆట ఓడి, చివరికి పోటీ నుంచి నిష్క్రమించింది. ఎ అండ్ ఎం మాత్రం జాతీయ ఫైనల్ దాకా వెళ్లి, జూన్ 24 రాత్రి టెనెసీ చేతిలో ఓడింది. ఆ రాత్రి విలేకరుల సమావేశంలో ఎ అండ్ ఎం కోచ్ జిమ్ ష్లాస్‌నేగల్‌ను టెక్సాస్ ఉద్యోగం గురించి అడిగితే, తాను ఇంకెక్కడికీ వెళ్లకూడదనే ఈ ఉద్యోగంలో చేరానని ఘాటుగా జవాబిచ్చారు. మర్నాడే టెక్సాస్ ఆయనను తన కోచ్‌గా ప్రకటించింది. ఎ అండ్ ఎం అభిమానుల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆయనను పూర్తిగా తప్పుపట్టలేను. గతంలో టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం)లో ఆయనతో కలిసి పనిచేసిన క్రీడా విభాగాధిపతి క్రిస్ డెల్ కాంటే అప్పటికి టెక్సాస్‌లో ఉన్నారు. కోచ్‌ల నియామకంలో ఇప్పుడు పనిచేసే బంధం ఇదే. ఒకప్పుడు గురువు కింద ఆడినవాడికి కుర్చీ దక్కేది, ఇప్పుడు అధిపతి నమ్మినవాడికి దక్కుతుంది.

2025లో ష్లాస్‌నేగల్ తొలి సీజన్‌లోనే టెక్సాస్ ఎస్‌ఈసీ రెగ్యులర్ సీజన్ టైటిల్ గెలుచుకుంది, సమాఖ్య ఆటల్లో 22 గెలిచి 8 ఓడింది. దేశంలో రెండో సీడ్‌గా జాతీయ పోటీకి వెళ్లి, రీజినల్‌ను సొంత మైదానంలోనే ఆడింది. అక్కడ శాన్ ఆంటోనియో నుంచి వచ్చిన యూటీఎస్‌ఏ (ఆ ఊరి టెక్సాస్ విశ్వవిద్యాలయం) చేతిలో రెండుసార్లు ఓడి పోటీ నుంచి తప్పుకుంది. గుస్టాఫ్‌సన్ తన హైస్కూలు రోజుల్లో ఆటగాళ్లను తయారు చేసిన ఊరు అదే. ఆ రెండు ఓటములూ జరిగింది డిష్, ఫాల్క్‌ల పేర్లున్న మైదానంలో.